ఏడో ప్రశ్న

మగ్గం విప్పడానికి ఒక పూట కూడా పట్టలేదు. మా బాపు దాని కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుండగానే నేను పుట్టాను, చదివాను, పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల తండ్రినయ్యాను. విప్పడానికి వచ్చిన ఇద్దరు మాత్రం పొద్దున టీ తాగి మొదలుపెట్టి, అన్నం వేళకు కట్టెలన్నీ విడదీసి గోడకు ఆనించేశారు. బాపుకు చూపు మసకబారింది. అమ్మ పోయి ఏడాది దాటింది. "కండెలు చుట్టే మనిషే లేనంక మగ్గమెందుకురా, తీసెయ్" అని ఆయనే అన్నాడు. అన్నాడే గానీ, విప్పుతున్నంతసేపూ అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. గుంటలోంచి గంజి వాసన, రంగుల వాసన, ఏళ్ళనాటి నూలు దుమ్ము వాసన కలిసి లేచాయి. అమ్మ చీర కొంగుకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

మగ్గానికి పైన, దూలాల మధ్య, పలకలు పరిచిన చిన్న అటక ఉండేది. పోగును అటూ ఇటూ పోనిచ్చే నాడెలు విరిగినవి, పనికిరాని దారం తుండ్లు దాని మీద పడేసేవాళ్ళం. ఆ పలకలు పీకుతుంటే ఒక ఖాకీ గుడ్డ సంచి కింద పడింది. దాని మీద నల్ల రంగుతో 'సర్వే' అని రాసిన అక్షరాలు నావే. లోపల కొన్ని ఖాళీ ఫారాలు, నింపిన ఫారం ఒకటి, మెడలో వేసుకునే అట్ట ట్యాగు ఒకటి. అడుగున ఎర్ర రవిక గుడ్డలో చుట్టిన పుస్తకం. గుడ్డ విప్పకముందే అదేమిటో నాకు తెలుసు. వెనక వాడ కిష్టవ్వ భూమి పట్టా బుక్కు.

దొరికింది అని రాయడం కూడా సగం అబద్ధమే. ఇన్నేళ్ళూ నేను ఆ అటక వైపు చెయ్యి చాచలేదు. వెతికితే దొరుకుతుందని భయం. వెతకనంతకాలం, ఇచ్చేశానేమో అనుకునే వీలు ఉంటుంది.

ఆ సంచి భుజాన వేసుకుని తిరిగిన రోజులు కొత్త రాష్ట్రం వచ్చిన మొదటి రోజులు. నా వయసు వాళ్ళందరం ఉద్యోగాల ప్రకటనల కోసం ఎదురుచూస్తూ ఆలేరులోని గ్రంథాలయంలో కూర్చునేవాళ్ళం. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు డబ్బాలో పెట్టి ఇచ్చేది. సైకిల్ మీద వెళ్ళి చీకటి పడేలోగా వచ్చేవాణ్ణి. మా ఇంట్లో రోజు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ముందు బాపు దగ్గు, తర్వాత అమ్మ రాట్నం చప్పుడు, ఆ తర్వాత మగ్గం మోత. ఆ మూడూ వినపడ్డాకే నాకు మెలకువ వచ్చేది. అమ్మ రాట్నం తిప్పుతూనే పొయ్యి మీద చూపు పెట్టేది, వీధిలో పోయేవాళ్ళను పలకరించేది. దారం తెగితే నాలుక కొసతో తడిపి అతికేది. బాపు నోటి నుంచి మాట రావడమే తక్కువ. "నౌకరి ఎప్పుడొస్తదిరా?" అని ఎవరైనా నన్ను అడిగితే ఆయన మగ్గం వేగం పెంచేవాడు. ఆ చప్పుడులో నా జవాబు వినపడకుండా పోయేది. అది ఆయన నాకు చేసిన సాయమని చాలా ఆలస్యంగా అర్థమైంది.

గ్రంథాలయానికి రోజూ వచ్చే రిటైర్డ్ టీచర్ ఒకాయన ఉండేవారు, నర్సింలు సారు. పట్నంలో ఆయనకు తెలిసిన వాళ్ళెవరో ఊళ్ళలో కంప్యూటర్, ఇంటర్నెట్ ఎవరు వాడుతున్నారో, ఎవరికి అందలేదో తెలుసుకోవాలనుకున్నారు. ఆ ఊరి మనుషులే ఇల్లిల్లూ తిరిగి రాయాలి, జీతం ఉండదు. సారు మమ్మల్ని ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఫారం చదివి వినిపించారు. "రేపు అన్ని పనులు కంప్యూటర్ల మీదికే పోతయి. గవి రానోడు ఎనకవడతడు. ఎవడు ఎనకవడతడో ముందుగాల మనకు ఎరుకైతే, పట్టుకొని ఎంబడి నడిపియ్యొచ్చు" అన్నారు. ఆ తర్వాత రెండు వేళ్ళు చూపించారు. "రెండు మాటలు యాదిల పెట్టుకోండ్రి. ఎవ్వల కాగితం తీస్కోవద్దు. ఎవ్వలికి మాట ఇయ్యొద్దు. మనం అడిగి రాసుకునేటోళ్ళం. చేసి పెట్టేటోళ్ళం కాదు."

నా భాగానికి మా ఊరే వచ్చింది. పక్క ఊరి నుంచి రజిత అనే డిగ్రీ అమ్మాయి నాకు తోడు. మొదటి రోజు అమ్మ ఫారాలను దేవుడి పటం ముందు పెట్టి పసుపు చుక్క పెట్టింది. నా తెల్ల చొక్కాకు మగ్గం గంజే పెట్టి ఇస్త్రీ చేసింది. మెడలో అట్ట ట్యాగు వేసుకుని గడప దాటుతుంటే, "ఓ అక్కా, మా సత్తిగాడు సర్వే ఆఫీసరైండు" అని ఎదురింటికి వినపడేలా అంది. "ఆఫీసరు కాదమ్మా" అని నేను అనలేదు. ఇప్పుడు లెక్కపెట్టుకుంటే నా మొదటి తప్పు అక్కడ, మా గడప మీదనే ఉంది.

ఇళ్ళలో మాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. కుర్చీ లేని ఇంట్లో ఎక్కడి నుంచో కుర్చీ వచ్చేది. "మీ ఇంట్ల కంప్యూటర్ ఉన్నదా?" అని అడిగితే నేత పని చేసే నర్సయ్య మామ, "ఉన్నది గదా, మీ అత్త. యాభై ఏండ్ల కింది ముచ్చట గూడ తారీఖుతోని చెప్తది" అన్నాడు. లోపలి నుంచి అత్త, "నీకు పొద్దుగాల ఏం తిన్నవో యాదుండదు, నన్నంటున్నవా" అంది. రజిత నవ్వు ఆపుకోలేక ఫారం అడ్డం పెట్టుకుంది. అలా నవ్వులతోనే ఏడో ప్రశ్న దాకా వచ్చాం.

ఆ ఏడో ప్రశ్న ఇది: 'ఈ కుటుంబంలో ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉన్నారా?' పట్నంలో దాన్ని రాసినవాళ్ళు ఇంటర్నెట్ వాడుతున్నారా అనే ఉద్దేశంతోనే రాశారు. అయితే మా దిక్కు ఆ మాటకు అప్పటికే వేరే అర్థం స్థిరపడింది. భూమి వివరం మండలాఫీసు కంప్యూటర్‌లో నమోదైతే 'ఆన్‌లైన్ అయింది' అంటారు. రేషన్ కార్డులో పిల్ల పేరు చేరితే 'ఆన్‌లైన్ల ఎక్కింది' అంటారు. మా వాళ్ళకు ఆన్‌లైన్ అంటే మనిషి వెళ్ళి చూసేది కాదు, మనిషి పేరు వెళ్ళి కూర్చునే చోటు.

నర్సయ్య మామ నవ్వు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. "నేనున్న. మీ అత్త లేదు. సచ్చిపోయిందని తీసేసిండ్రట. జర నువ్వన్నా చూసి చెప్పు సత్తీ, గీమె బతికే ఉన్నది గదా?" అన్నాడు. నేను 'అవును' మీద టిక్కు పెట్టాను. పక్కింట్లో ఇద్దరు కొడుకులు రోజంతా ఫోన్‌లో పాటలు దించుకునేవాళ్ళు. ఆ ఇంటాయన మాత్రం "మేమింక ఎక్కలే సారూ, మా చెలక పెండింగుల ఉన్నది" అన్నాడు. 'లేదు' మీద టిక్కు పెట్టాను.

మూడో ఇల్లు దాటగానే రజిత ఆగింది. "అన్నా, మనమడిగేది ఒకటి, వీళ్ళు చెప్పేది ఇంకొకటి. ఇవ్వన్ని తప్పులే. సారుకు చెప్పి ప్రశ్న మార్పిద్దాం."

"మారిస్తె ఇప్పటిదాంక రాసినయన్ని మళ్ళ రాయాలె. నువ్వు రాస్తవా?"

"రాస్త. ఏమైతది?"

"నువ్వు ఊకో రజితా. ఎవ్వలు సదువుతరు గీ ఫారాలు?"

ఆమె పక్క ఇంటికి నడిచింది. రెండో వారం నుంచి తన ఫారాల్లో ఆ ప్రశ్న పక్కన చిన్న అక్షరాలతో 'భూమి గురించి చెప్పారు' అని రాయడం చూశాను. చూసి చిరాకు పడ్డాను. నా ఫారాల కంటే ఆమె ఫారాలు నిజమైనవని నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

కిష్టవ్వ ఇల్లు మా వెనక వాడలో ఉండేది. అమ్మకూ ఆమెకూ ఎన్నేళ్ళ స్నేహమో నాకు తెలియదు. నేను పుట్టినప్పుడు నాకు మొదటి స్నానం పోసింది ఆమేనని అమ్మ చెప్పేది. ఆమె చెలకలో, అంటే మెట్ట చేనులో, అనపకాయ కాస్తే మొదటి ఒడి మా ఇంటికి వచ్చేది. పోగులు తెగిన ముక్కలతో అమ్మ ఆమెకు బొంతలు కుట్టి ఇచ్చేది. భర్త ఎంకటయ్య తాత పోయాక ఆమె ఒక్కతే ఆ ఎకరం చెలక చేసుకుంటూ ఉండేది. కూతురు పెళ్ళయి అచ్చంపేట దిక్కు వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో ఆముదపు కాయలు ఎండబోసి కర్రతో కొడుతోంది. ఆ రోజు రజిత ఎదురు వాడలో రాస్తోంది. నేను ఒక్కణ్ణే ఉన్నాను.

"వచ్చినవా కొడుకా, అందరిండ్లకు తిరుగుతున్నవట, మా ఇంటికి రావేంది అనుకుంటున్న" అని, ఉడకబెట్టిన బొబ్బెర్ల గుడాలు ఆకులో పెట్టి చేతికిచ్చింది. పేరు, వయసు, కరెంటు, ఫోను అన్నీ రాశాను. ఏడో ప్రశ్న అడగగానే ఆమె కర్ర పక్కన పెట్టింది.

"ఏడున్న బిడ్డా? మీ తాత పోయినంక నా పేరు ఏడ ఎక్కింది? విరాసతు చెయ్యమని మూడు సార్లు పోయిన. రేపు రా, మాపు రా అన్నరు. మా మరిది ఏమో, నీకెందుకు వదినా, అంత ఒక్కటే గదా అంటడు. ఒక్కటేమో, కానీ నా పేరు నాకుండాలె గదా?"

భర్త పోతే భూమి భార్య పేరు మీదికి మార్చడాన్ని మా వైపు విరాసతు అంటారు. అది నాకు సంబంధం లేని పని. అప్పుడు నేను అనవలసిన మాట ఒక్కటే. నేను ఆఫీసరును కాదవ్వా, నువ్వు మండలాఫీసుకు పోవాలె, కావాలంటే తోడు వస్తా. ఆ మాట అనకుండా గుడాలు నములుతూ తల ఊపాను. తల ఊపుతుంటే మెడలో ట్యాగు కూడా ఊగింది.

ఆమె లోపలికి వెళ్ళి సందుగ పెట్టె తెరిచింది. ఎర్ర రవిక గుడ్డలో చుట్టిన బుక్కు తెచ్చింది. నాలుగు మూలలకూ పసుపు పెట్టి ఉంది. "జిరాక్సు లేదు కొడుకా, అసలుదే తీస్కపో. పని కాంగనె తెచ్చియ్యి. పైలం, దాంట్ల మీ తాత ఫోటో ఉన్నది. ఇంకో ఫోటో లేదు మాకు."

సారు చూపించిన రెండు వేళ్ళు నాకు గుర్తుకు వచ్చాయి. గుర్తుకు వస్తుండగానే చెయ్యి చాచాను. "నాకిడిసిపెట్టవ్వా, ఆన్‌లైన్ల ఎక్కిస్త" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నన్ను అంతగా నమ్మిన మనిషి అంతకుముందు లేదు. ఉద్యోగం లేని వాడికి ఆ నమ్మకం ఎంత మత్తుగా ఉంటుందో చెప్పలేను. అరుగు దిగాక ఆమె ఫారంలో చివరి గడి నింపాను. 'పరిశీలకుని అభిప్రాయం' అనే చోట 'అవగాహన లేదు' అని రాశాను. సంచిలో దొరికిన నింపిన ఫారం అదే. బుక్కుతో పాటు ఉండిపోయి సారుకు చేరలేదు.

జిరాక్సు తీయించి వారంలో తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత ఫారాలు అప్పగించే హడావిడి వచ్చింది. సారు ఆ ఫారాలతో నివేదిక తయారుచేసి గ్రంథాలయంలో చదివారు. భూమి నమోదైన రైతులందరూ అందులో ఇంటర్నెట్ వాడేవాళ్ళయ్యారు. మేమందరం చప్పట్లు కొట్టాం. రజిత కొట్టలేదు. ఆ వారంలోనే పట్నంలో ఒక డేటా ఎంట్రీ ఆఫీసులో నాకు పని దొరికింది. సర్వే అనుభవం ఉందని చూసే తీసుకున్నారు. సంచి అటక మీద విసిరేసి బస్సెక్కాను. ఎక్కే ముందు వెనక వాడ వైపు చూశాను. అవ్వ ఇంటికి వెళ్తే 'ఏమాయె కొడుకా' అని అడుగుతుంది. ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

పండగకో పబ్బానికో వచ్చినప్పుడు ఆమే ఎదురయ్యేది. "తొందరేం లేదు బిడ్డా, నీ దగ్గరుంటె ఆఫీసుల ఉన్నట్టే" అనేది. అలా మూడు నాలుగు సార్లు అయ్యాక ఆ వాడ నుంచి నడవడం మానేశాను. పట్నంలో నా పని రోజంతా ఎవరెవరి పేర్లో కంప్యూటర్‌లో ఎక్కించడమే. వేల పేర్లు ఎక్కించాను. ఆ ఒక్క పేరు కోసం సగం రోజు సెలవు పెట్టలేదు.

కొన్నాళ్ళకు ఊళ్ళోకి రెవెన్యూ వాళ్ళు వచ్చారు. భూముల వివరాలు సరిచూసి కొత్త బుక్కులు ఇస్తారని చాటింపు వేశారు. అందరూ పాత బుక్కులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. కిష్టవ్వ మాత్రం ఇంటి దగ్గరే కూర్చుందట. పిలవడానికి పోయిన వాళ్ళతో, "నాది ఎప్పుడో అయింది, మా సత్తి ఆన్‌లైన్ చేసిండు" అందట. రెండో రోజు ఎవరో గట్టిగా చెప్తే, బుక్కు చూపించాలని విని, అమ్మ దగ్గరికి పరుగున వచ్చింది. అమ్మ నాకు ఫోన్ చేసింది. పని మధ్యలో ఉన్నాను. పక్కన కొత్తగా చేరిన వాళ్ళున్నారు.

"బిడ్డా, కిష్టక్క బుక్కు నీ దగ్గరున్నదా? ఇయ్యాల్నే కావాల్నంట. అక్క ఈడనే ఉన్నది."

సంచి ఎక్కడుందో నాకు లీలగా గుర్తుంది. 'అటక మీద చూడమ్మా' అంటే సరిపోయేది. అంటే ఇన్నాళ్ళూ ఏం చేశానో అమ్మకు తెలిసిపోతుంది. అమ్మ పక్కనే కిష్టవ్వ ఉంది. తెల్ల చొక్కాకు గంజి పెట్టిన అమ్మ.

"ఇచ్చిన అమ్మా. ఎప్పుడో ఇచ్చిన" అన్నాను.

అమ్మ నన్ను నమ్మింది. నమ్మి కిష్టవ్వ వైపు తిరిగి, "నా కొడుకు ఇచ్చిండంట అక్కా, నువ్వే యాడనో పెట్టి మర్సినవు" అంది. ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు కనుక ఆ మాట నేనూ విన్నాను. కిష్టవ్వ ఏమందో వినపడలేదు.

తర్వాతి సంగతులు నాకు ముక్కలుగా తెలిశాయి. ఆమె సందుగ బోర్లించిందట. వడ్ల గుమ్మిలో చెయ్యి పెట్టి వెతికిందట. అమ్మ కుట్టి ఇచ్చిన బొంతల కుట్లు కూడా విప్పి చూసిందట. మరిది తన బుక్కుతో పాటు ఆ ఎకరం కూడా తానే చేస్తున్నానని రాయించుకున్నాడు. అడ్డం చెప్పడానికి ఆమె చేతిలో కాగితం లేదు. ముందు ఆమె, "సత్తి ఇయ్యలే, నాకు మంచిగ యాదున్నది" అని అందరితో అన్నది. అమ్మకు కోపం వచ్చింది. "నీళ్ళు పోసిన చేతులతోనే బురద పోస్తున్నవా నా కొడుకు మీద?" అన్నదట. ఆ రోజు నుంచి ఆ ఇద్దరి మధ్య మాట లేదు. అనపకాయల ఒడి రావడం ఆగింది.

పోను పోను కిష్టవ్వ కూడా తననే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని దారి మధ్యలో వెనక్కి వెళ్ళేది. వాడలో ఆమెకు 'మతిమరుపు కిష్టవ్వ' అనే పేరు పడింది. ఎవరైనా ఏదైనా మరిచిపోతే, "గదేంది, కిష్టవ్వ తీరు జేస్తున్నవ్" అనేవాళ్ళు. మా ఇంట్లో కూడా ఆ మాట వాడేవాళ్ళం. నేనూ ఒకసారి నవ్వాను.

కరోనా భయంతో పట్నంలో ఆఫీసులు మూతపడ్డప్పుడు నేను ఊరికి వచ్చేసి, ఆలేరులోని ఒక బడిలో కంప్యూటర్ టీచర్‌గా కుదురుకున్నాను. ఆమె ఇంటికి మా ఇంటికి మధ్య రెండు వందల అడుగులు కూడా ఉండవు. బడికి వెళ్ళేటప్పుడు చుట్టు తిరిగి చెరువు దారిన వెళ్ళేవాణ్ణి. ఆ దారిలోనే ఆ చెలక ఉంది. చుట్టూ రాతి కడీలు పాతి తీగ లాగారు. అమ్మ పోయిన రోజు కిష్టవ్వ మా వాడ మొగదల దాకా వచ్చి నిలబడింది. ఎవరైనా 'రా' అంటే వచ్చేది. అనవలసిన వాణ్ణి నేనే. తల వంచుకుని పాడె కట్ల వైపు చూస్తూ ఉండిపోయాను.

బుక్కు దొరికిన సాయంత్రమే తీసుకుని వెళ్ళాను. కిష్టవ్వ మంచం మీద ఉంది. ఆమెను చూసుకోవడానికి అచ్చంపేట నుంచి మనుమరాలు మమత వచ్చి ఉంది. డిగ్రీ చదువుతున్న పిల్ల. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. రవిక గుడ్డను ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళు మూసుకునే మూలలు తడిమింది. తడిమి, కళ్ళు తెరిచింది.

"ఏడ దొరికింది?"

"మా అటక మీద అవ్వా. నేను ఇయ్యలే. అప్పటి సంది ఆడనే ఉన్నది. అమ్మకు అబద్ధం చెప్పిన."

ఆమె తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె దూలాల వైపు చూసి అంది.

"అయితే నేను మర్వలే."

మమత అప్పటికే తన ఫోన్ తీసి సర్వే నంబరు కొట్టింది. అర నిమిషంలో భూమి వివరం తెర మీదికి వచ్చింది. నేను ఏళ్ళ తరబడి చెయ్యని పని అది. "చిన్నతాత పేరే ఉన్నది అమ్మమ్మా" అని ఫోన్ ముందుకు చాచింది. ఇప్పుడు మా ఊళ్ళో ఏడో ప్రశ్న అడగాల్సిన పని లేదు. ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది, ప్రతి ఇల్లూ రెండు అర్థాల్లోనూ ఆన్‌లైన్‌లోనే ఉంది. కిష్టవ్వ ఆ తెర వైపు చూడలేదు. బుక్కు తెరిచి, వెలిసిపోయిన ఫోటో మీద వేలు పెట్టి, "చూడు, మీ తాత. నీకు చూపిస్త అంటి గదా" అంది మనుమరాలితో.

"అవ్వా, ఆఫీసుకు పోదాం. నేను చేసింది నేనే రాసిస్త, సంతకం పెడ్త" అన్నాను.

"పోదువుగాని తీ. వస్తె వస్తది, రాకుంటె లేదు. భూమి సంగతి తర్వాత." ఆమె నా మణికట్టు పట్టుకుంది. "మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పలే."

"నేను దొంగ మాటలాడిన్నని అనుకుంటనే పాయె. నేను గూడ పంతానికి పోయి రాకపోతి." మణికట్టు వదలకుండానే, "నాకొక్కదానికి చెప్తె ఏం లాభం కొడుకా? గా దినం ఇల్లిల్లు తిరిగితివి గదా. గట్లనే తిరిగి చెప్పు. కిష్టవ్వ మర్వలేదని చెప్పు" అంది.

మరునాడు ఆదివారం. పొద్దున్నే వెనక వాడ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఫారం లేదు, ట్యాగు లేదు. నర్సయ్య మామ, "గిప్పుడెందుకురా గా ముచ్చట, ఎవలికి యాదున్నది" అన్నాడు. లోపలి నుంచి అత్త, "నాకు యాదున్నది. పాపం, బొంతలు ఇప్పి చూసింది" అంది. కొన్ని ఇళ్ళలో పిల్లలు ఫోన్ల నుంచి తల ఎత్తలేదు. ఒక కోడలు నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నోళ్ళు గిట్ల జేస్తె మాబోటోళ్ళు ఎవల్ని నమ్మాలె" అని తలుపు వేసుకుంది. కిష్టవ్వ మరిది వింటున్నంతసేపూ చుట్ట తాగి, "అయిందేదో అయింది" అన్నాడు. ఆయన గుమ్మం ముందు కూడా ఆ మాట రెండుసార్లు చెప్పాను. కిష్టవ్వ మర్వలేదు, బుక్కు నా దగ్గరే ఉండె.

అన్ని ఇళ్ళూ అయ్యేసరికి ఎండ నెత్తిన పడింది. చివరిది మా ఇల్లు. బాపు మగ్గం గుంట ఒడ్డున కూర్చుని ఉన్నాడు. గుంట ఇంకా పూడ్చలేదు. ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. నా జవాబులను కప్పడానికి ఇప్పుడు మగ్గం లేదు. ఆయన గడ్డంతో గోడ వైపు చూపించాడు.

"నాకు కాదు. ఆమెకు చెప్పు."

గోడ మీద అమ్మ ఫోటో ఉంది. ట్యాగు వేసుకుని గడప దాటుతున్న నన్ను చూసినట్టే చూస్తోంది. లేచి వెళ్ళి దాని ముందు నిలబడ్డాను.

"ఇయ్యలే అమ్మా" అన్నాను.